రిమార్కుల గడి

శిక్షణ రెండో రోజు, టెక్కలి.
ప్రొజెక్టరు నిన్నే కన్ను మూసింది.
సంతకాల కాగితం బెంచీల వెంట తిరుగుతోంది.
సాయంత్రం పెట్టాల్సిన సంతకం కూడా
పొద్దున్నే పెట్టేసి
సనపల మాస్టారు బస్సు టైము లెక్కేసుకుంటున్నారు.

సుభద్ర మేడమ్ చాక్‌పీసు విరిచి
బోర్డు మీద నాలుగే ప్రశ్నలు రాసింది:
ఎవరు రాశారు?
ఎవరి కోసం రాశారు?
ఏం చూసి రాశారు?
ఇందులో మాట్లాడనిది ఎవరు?

"పాఠ్యపుస్తకం వండేసిన కూర.
ఇవాళ మట్టి వదలని దుంపలు చూద్దాం" అంది.
నవ్వాం.
శిక్షణలో ఎక్కడ నవ్వాలో
ఇరవై రెండేళ్ల సర్వీసు నేర్పింది.

ఎవరి ఊరి నుంచి వాళ్లు ఒక పాత కాగితం తెమ్మంది కదా,
నందిగాం ఆయన తుఫాను నాటి బియ్యం కార్డు తెచ్చారు,
సగం అక్షరాలు నీళ్లలో కలిసిపోయాయి.
మరక కూడా సాక్ష్యమేనా అని ఎవరో అడిగితే
మరకే మొదటి సాక్ష్యం అంది మేడమ్.
పలాస ఆవిడ జీడిపిక్కల బట్టీ కూలి చిట్టా విప్పింది.
పేర్ల పక్కన వేలిముద్రలు,
ముద్రల్లో గీతల్లేవు,
జీడి సొన తినేసింది.
కాసేపు ఎవరూ సెల్‌ఫోన్ చూడలేదు.

నేను తెచ్చింది హాజరు రిజిస్టరు.
బీరువాలో పైన ఉందని. అంతే.

కాగితాలు పక్క గ్రూపుతో మార్చుకోమన్నారు.
నాది ఇద్దరు కొత్తవాళ్ల చేతికి వెళ్లింది,
డీఎస్సీ రాసి మొన్న మొన్న చేరినవాళ్లు.
వేలు పెట్టి పైకి చదివారు:
"రెండు వేల ఏడు. ఏడో తరగతి బి. సూరాడ నూకరాజు.
జూన్ అంతా పి, పి, పి.
జూలైలో పది రోజులు.
ఆగస్టు గడులన్నీ ఖాళీ, ఎ కూడా వేయలేదు.
సెప్టెంబరు ఒకటిన ఎర్రగీత.
రిమార్కు: దీర్ఘకాల గైర్హాజరు. పేరు తొలగించడమైనది."

"ఎవరు రాశారు?"
"క్లాస్ టీచర్."
"ఎవరి కోసం?"
"తనిఖీ కోసమండి. తలల లెక్క, భోజనాల లెక్క కలవాలి కదా."
"ఏం చూసి?"
"ఖాళీ గడి చూసి."
అంతటితో ఊరుకోకుండా ఆ కుర్రాడు
"స్కేలు పెట్టి కొట్టిన గీతండి,
చెయ్యి ఎక్కడా వణకలేదు" అన్నాడు.

'డ' తోకని అలా పొడుగ్గా లాగేది
మా మండలం మొత్తంలో
నేనొక్కదాన్నే.

నాలుగో ప్రశ్న దగ్గర అందరూ ఆగారు.
నాకు చేపల వాసన వచ్చింది.
గుమ్మం బయటే నిలబడి, గంప దించకుండా,
"గుంటడు ఈరావలు ఎలిపోనాడమ్మా,
ఆల మావ బోటులో వంట సేత్తాడు.
ఏట కట్టేసినాక వచ్చెత్తాడు,
పేరు మాత్రం తియ్యకమ్మా."
నేను తలూపాను.
చేతిలో దిద్దాల్సిన యూనిట్ టెస్ట్ కాగితాలు
నలభై మూడు.

గుజరాత్ దాకా సాగే ఆ మాటని
రాయడానికి రిజిస్టరులో గడి లేదు.
గడి లేదు కదా అని
నేను మరచిపోయాను.

చెయ్యెత్తాను, పిల్లలెత్తినట్టు.
"ఆ క్లాస్ టీచర్ ఇక్కడే ఉంది. అడగండి."

సనపల మాస్టారు సంచీ మళ్లీ కింద పెట్టారు.
కొత్తమ్మాయి నోట్‌బుక్ తెరిచింది.
తేదీ రాసుకుంది, నా పేరు రాసుకుంది.
ఆమె వచ్చింది ఏ వేళ, గంపలో ఏ చేప,
నేను జవాబేమైనా చెప్పానా,
ఒక్కోటీ మెల్లగా, కోప్పడకుండా అడిగింది.
చివరికి, "ఆవిడ పేరేంటండి?"

నూకరాజు తల్లి, అన్నాను.
అమ్మాయి కలం ఎత్తి ఆగింది.
అది పేరు కాదు.

సాయంత్రం అభిప్రాయ పత్రాలు పంచారు:
ఈ శిక్షణ మీకెలా ఉపయోగపడింది?
రెండు వాక్యాలకు మించకుండా.
గడి చిన్నది.

కాగితం వెనక్కి తిప్పాను.